గ్రంథం ఉన్నది, దారి ఏది?

గ్రంథాలయంలో గ్రంథం ఉండటం వేరు, అది అడిగినవారి చేతికి అందటం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించటమే గ్రంథాలయ శాస్త్రం చేసే పని. ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు ఒకే కప్పు కింద విద్య నేర్చే మన వంటి కళాశాలలకు ఈ విషయం మరింత ముఖ్యమైనది గనుక దీనిని కొంత వివరింపదలచినాము.

కందుకూరు నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి బయలుదేరిన విద్యార్థి సంగతి చూద్దాం. శ్రీశైలం రహదారిపై బస్సు ఎక్కి, నగరంలో మరొక బస్సు మారి అక్కడికి చేరేసరికి ఎండ ముదురుతుంది. తిరుగు ప్రయాణానికి వేళ మిగుల్చుకోవాలి. కావలసిన పుస్తకం జాడ ఆ నడుమ దొరకకపోతే ఆ రోజు వృథా అయినట్లే. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథరూపంలో ప్రకటించిన ఐదు సూత్రాలలో నాలుగవది, పాఠకుని కాలాన్ని ఆదా చేయవలెనన్నది. నగరవాసికి అది సౌకర్యం. పల్లె నుండి వచ్చినవానికి అదే చదువు.

మన ప్రాంతంలో ఈ సమస్యకు ఒక ప్రత్యేక చరిత్ర ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనాభాషగా ప్రారంభమైనది. దానికి కావలసిన పుస్తకాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడి, విజ్ఞాన శాస్త్రాలను, వైద్యాన్ని, న్యాయశాస్త్రాన్ని ఉర్దూలోకి తెచ్చినది. 1948 తరువాత బోధన ఆంగ్లంలోకి మారినది. తెలుగులో ఉన్నత విద్యకు పాఠ్యగ్రంథాలు సిద్ధం చేయుటకు 1968లో తెలుగు అకాడమి వెలసినది. ఈ విధంగా ఒకే శాస్త్రానికి మూడు లిపులలో గ్రంథాలు చేరినవి.

గ్రంథాలయంలో పుస్తకానికి దారి చూపేది సూచిక. మూడు లిపులు ఉన్నచోట మూడు వరుసలు ఏర్పడతాయి. ఆంగ్ల పత్రాలు ఏ నుండి జడ్ వరకు, తెలుగు పత్రాలు అకారం మొదలుకొని, ఉర్దూ పత్రాలు అలిఫ్, బే క్రమంలో ఉంటాయి. ఒక సొరుగు తెరిచిన విద్యార్థికి పక్క సొరుగులో ఏమున్నదో తెలియదు.

దీనికి మొదటి మందు అంకె. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణలో భౌతికశాస్త్రానికి 530, రసాయనశాస్త్రానికి 540. పుస్తకం ఏ భాషలో ఉన్నా ఈ సంఖ్య మారదు. అంకెకు లిపి భేదం లేదు. విషయాల పేర్లను మూడు భాషలలో వ్రాసి, ఎదురుగా ఈ సంఖ్యను చూపే పట్టిక ఒకటి గోడకు తగిలించినా సగం వెదుకులాట తగ్గుతుంది.

అయితే అంకె ఒక్కటే చాలదు. సాహిత్యాన్ని డ్యూయీ భాషను బట్టి విభజించినాడు. ఉర్దూ సాహిత్యం 891.439, తెలుగు సాహిత్యం 894.827. అనువాదాన్ని మూలభాషా సాహిత్యంతోనే ఉంచాలని నియమం. దాశరథి తెలుగు చేసిన ‘గాలిబ్ గీతాలు’ ఈ లెక్కన ఉర్దూ వరుసకు చేరుతుంది. తెలుగు వరుసలో వెదికేవానికి అది కనబడదు. కాబట్టి దానికి దాశరథి పేరున ఒకటి, గాలిబ్ పేరున ఒకటి, గ్రంథనామంతో ఒకటి పత్రాలు ఉండాలి. గాలిబ్ పత్రం ఉర్దూ సొరుగులోనూ ఉండాలి.

పేర్లతో మరొక చిక్కు ఉన్నది. శ్రీరంగం శ్రీనివాసరావును లోకం శ్రీశ్రీ అంటుంది. మహమ్మద్ అన్న పేరును రోమన్ లిపిలో నాలుగైదు తీరుల వ్రాస్తారు. ఏదో ఒక రూపాన్ని స్థిరపరచి, తక్కిన రూపాల వద్ద ‘ఫలానా పేరు చూడుము’ అని చీటీ పెట్టటమే దీనికి పరిష్కారం.

కంప్యూటరు వచ్చినది గదా, ఇక ఈ చీటీలెందుకని కొందరు అడుగవచ్చు. తెలుగు, అరబ్బీ లిపులు రెండింటికీ 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే స్థానం లభించినది. మార్క్ 21 అనే సూచికా ప్రమాణంలో ఒకే వివరాన్ని మరొక లిపిలో కూడా నమోదు చేయుటకు 880 అనే గడి ఉన్నది. కాని ఆ గడిని నింపవలసినది మనిషి. తెలుగు పుస్తకం పేరును రోమన్ అక్షరాలలో మాత్రమే ఎక్కిస్తే, తెలుగులో వెదికిన విద్యార్థికి యంత్రం ‘లేదు’ అనే చెబుతుంది. పుస్తకం మాత్రం బీరువాలోనే ఉంటుంది.

ఈ పనికి భవనాలు, పెద్ద నిధులు అక్కరలేదు. రెండు లిపులు తెలిసిన చేతులు కావాలి. ఆ చేతులు మన వంటి కళాశాలలలోనే ఉన్నవి. ఒకరు ఉర్దూ పేరు చదివితే, మరొకరు దాని విషయాన్ని తెలుగులో వ్రాయవచ్చు. వారానికి ఒక గంట చొప్పున ఒక బీరువాతో ఈ పని ఆరంభించుటకు గ్రంథపాలకుని పర్యవేక్షణలో ఒక విద్యార్థి బృందాన్ని నియమించవలెనని కళాశాల సంఘం వారిని కోరుచున్నాము. మూడు లిపుల విషయ పట్టిక, పేర్ల చీటీలు మొదట సిద్ధమైతే, తక్కినది వాటి వెంట నడుస్తుంది.