వంతెన దాటి వచ్చే పాత కారు: అడ్వాన్స్‌కు ముందే చూడాల్సినవి

వాడపల్లి దగ్గర కృష్ణా నది వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. కాబట్టి మిర్యాలగూడ, కోదాడ వైపు సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఏపీ నంబరు బండి ఎదురైతే వింతేమీ కాదు. ధర తక్కువ చెప్పగానే మనసు లాగుతుంది. అయితే అమ్మేవాళ్లు చెప్పే ధర వేరు, ఆ బండి మన పేరు మీదికి వచ్చి రోడ్డెక్కేసరికి అయ్యే ఖర్చు వేరు. ఆ రెండో లెక్క అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోవాలి.

ముందుగా నీటి సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు కోదాడలో కార్లు కొట్టుకుపోయాయి. విజయవాడను బుడమేరు ముంచెత్తితే ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలాంటి కారును కడిగి, సీటు కవర్లు మార్చి పెడితే పైకి ఏమీ తెలియదు. వైరింగ్ లోపల పట్టిన తుప్పు నెలలు గడిచాక బయటపడి, ఒక్కో లైటూ, ఒక్కో సెన్సరూ మొరాయిస్తుంది. అందుకే సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. కడిగేవాళ్ల చెయ్యి సాధారణంగా అంతదాకా వెళ్లదు, బురద చార అక్కడే మిగిలిపోతుంది. స్టెప్నీ తీసి కింది గుంటను, టార్చి వేసి సీట్ల కింది బోల్టులను చూడండి. నీట మునిగిన గుర్తులుంటే ఎంత తగ్గించినా ఆ కారు వద్దు.

మీటరు తిప్పేసిన బండిని టైరు పట్టిస్తుంది. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. మీటరు 20 వేలు చూపిస్తూ, టైర్లు మాత్రం కారు కంటే బాగా కొత్తవైతే ఎందుకు మార్చారో అడగాలి, సర్వీసు రికార్డుతో పోల్చాలి. ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. డోరు రబ్బరు బీడింగ్ తీసి చూస్తే అతుకు పని, పెయింటు తేడా కనిపిస్తాయి.

ఇన్సూరెన్స్ పాలసీలో కారు విలువ, అంటే ఐడీవీ, ఉంటుంది. మూడేళ్లు దాటి నాలుగేళ్లలోపు బండికి తయారీదారు ధరలో 40 శాతం తరుగు తీస్తారు, నాలుగు నుంచి ఐదేళ్లలోపైతే 50 శాతం. బేరానికి అది మంచి ఆధారం. అదే పాలసీలో నో క్లెయిమ్ బోనస్ సున్నా ఉంటే క్లెయిమ్ దేనికి చేశారో అడగండి.

ఇక కాగితాలు. ఆర్సీలోని ఛాసిస్, ఇంజన్ నంబర్లు బండి మీది వాటితో సరిపోవాలి. ఫైనాన్స్ ఉంటే తీరినట్టు ఆర్సీలో నమోదై ఉండాలి. ఏపీ బండికి అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తప్పనిసరి. ఇక్కడ తెలంగాణలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తాన్ని బేరంలోంచే తగ్గించమని అడగండి.

పేరు మార్పు కోసం ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని ఊరుకోవద్దు, ఆర్టీఏలో పేరు మార్పించండి. బండి అమ్మేసినా రికార్డుల్లో పేరున్న యజమానే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు మార్పు కొన్నవాళ్లకు హక్కు, అమ్మినవాళ్లకు రక్షణ.