తుంపరలో పొంచి ఉండే న్యుమోనియా

1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సంఘం ‘అమెరికన్ లీజియన్’ మహాసభ జరిగింది. బెల్‌వ్యూ-స్ట్రాట్‌ఫర్డ్ హోటల్‌లో సభలు ముగించుకుని ఇళ్లకు చేరినవారు ఒక్కొక్కరే జ్వరం, దగ్గు, ఆయాసంతో మంచాన పడ్డారు. హోటల్ దరిదాపుల్లో తిరిగినవారితో కలిపి 221 మంది జబ్బుపడగా, 34 మంది చనిపోయారు. ఫ్లూ అన్నారు, విషప్రయోగం అన్నారు. ఏదీ రుజువు కాలేదు.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం శాస్త్రవేత్త జోసెఫ్ మెక్‌డేడ్‌కు ఈ జబ్బు పరీక్షల స్లైడ్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి కడ్డీలాంటి బ్యాక్టీరియా కనిపించినా, అసలు కారణం అవి కావనుకున్నాడు. డిసెంబరు చివర్లో అవే స్లైడ్లు మళ్లీ తీసి చూస్తే, ఒక మూలన ఆ కడ్డీలు గుంపుగా ఉన్నాయి. ఈసారి, బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ కలపకుండా, వాటిని కోడిగుడ్లలో పెంచాడు. కోలుకున్న రోగుల రక్తంలోని యాంటీబాడీలు వాటిని గుర్తుపట్టాయి. అదే లీజియనెల్లా న్యుమోఫిలా.

నిజానికి దీని నివాసం చెరువులు, నదులు. అక్కడ అమీబాలు బ్యాక్టీరియాను మింగి అరిగించుకుంటాయి. లీజియనెల్లా మాత్రం అరగదు. తానున్న సంచికి అమీబా సొంత పొరలనే కప్పుకుని, లోపలే పిల్లలు పెట్టి, చివరికి అమీబాను చీల్చుకుని బయటపడుతుంది. మన ఊపిరితిత్తుల్లో క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాల పని తీరూ అదే కాబట్టి, అక్కడా దాని ఆట సాగుతుంది. పెన్సిలిన్ ఆ కణాల్లోకి సరిగా చొరబడలేదు. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ చొరబడతాయి.

చెరువు నుంచి ఊపిరితిత్తుల దాకా దారి వేసింది మనమే. కదలని నీరు, 25-45 డిగ్రీల వెచ్చదనం, గొట్టాల్లో పాచి ఉంటే ఇది బాగా పెరుగుతుంది. పెద్ద భవనాల ఏసీ కూలింగ్ టవర్లు, షవర్లు, ఫౌంటెన్లు ఆ నీటిని సన్నని తుంపరగా గాలిలోకి చిమ్ముతాయి. 1999లో నెదర్లాండ్స్‌లోని ఒక పూల ప్రదర్శనలో, చూపడానికి పెట్టిన వేడినీటి తొట్టెల తుంపర పీల్చి 30 మందికి పైగా చనిపోయారు. వాళ్లు ఆ తొట్టెల్లో దిగనైనా లేదు. మనిషి నుంచి మనిషికి మాత్రం ఇది దాదాపుగా అంటదు.

వేడినీళ్లు 60 డిగ్రీల్లో, చన్నీళ్లు 20 డిగ్రీల లోపు నిల్వ ఉంచాలన్నది చలి దేశాల సూత్రం. మన మేడమీది ట్యాంకుల్లో రెండోది కుదిరే పని కాదు. కాబట్టి ట్యాంకు కడగడం, క్లోరిన్ వేయడం, వాడని కుళాయిలను తరచూ వదలడం మనకు ముఖ్యం. వృద్ధులు, పొగతాగేవారు, షుగర్ ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. హోటల్‌లోనో ఆసుపత్రిలోనో బస చేసి వచ్చిన రెండు వారాల్లో న్యుమోనియా వస్తే, డాక్టరు అడగకపోయినా ఆ సంగతి చెప్పండి. మూత్ర పరీక్షతో దీన్ని చాలావరకు పట్టుకోవచ్చు. సరైన మందు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.