ఇంటర్ లేదా? డ్యూటీ చేస్తూనే డిగ్రీ.. రూట్ ఇదీ!

టెన్త్‌తో చదువు ఆపేసి షోరూమ్‌లోనో, డెలివరీలోనో చేరినవాళ్లు చాలామందే. ప్రమోషన్ టైమ్‌కి డిగ్రీ అడుగుతారు. మరి ఇంటర్ లేకుండా నేరుగా డిగ్రీలో చేరొచ్చా?

ఒకప్పుడు చేరేవాళ్లు. 1982లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీ, అంటే ఇప్పటి అంబేడ్కర్ వర్సిటీ, ఇంటర్ లేనివాళ్లకు అర్హత పరీక్ష పెట్టి సీటిచ్చేది. ఇప్పుడు యూజీసీ రూల్స్ ప్రకారం డిగ్రీకి ఇంటర్ లేదా దానికి సమానమైన చదువు ఉండాల్సిందే.

అలాగని కాలేజీకే వెళ్లక్కర్లేదు. ఏపీ, తెలంగాణ ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి, కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్ ఉంది. ఐదు సబ్జెక్టులు పాసైతే చాలు. ఎన్‌ఐఓఎస్‌లో రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది, పరీక్షకు 9 ఛాన్సులు. డ్యూటీ వల్ల ఒకటి మిస్సయినా కొంప మునగదు.

తర్వాత మూడేళ్ల ఓపెన్ డిగ్రీ. క్లాసులు ఎక్కువగా ఆదివారాలే.. వీకాఫ్ వేరే రోజు ఉన్నవాళ్లకు తిప్పలే. గుర్తింపు ఉన్న ఓపెన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది.

'ఏడాదిలోనే డిగ్రీ' అనే కన్సల్టెన్సీకి మాత్రం డబ్బు కట్టొద్దు. వెరిఫికేషన్‌లో దొరికితే ఉన్న జాబే పోతుంది. చేరేముందు యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైట్‌లో వర్సిటీ పేరుతో పాటు కోర్సు పేరూ ఉందో లేదో చూసుకోండి.