అడవిబాటలో ఆపద సంకేతం: యాత్రికుడు ఏ పరికరాన్ని ఎంచుకోవాలి?

మహాశివరాత్రికి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలానికి కాలినడకన వెళ్లే భక్తులు, చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం లోయలోకి దిగేవారు, 3,888 మీటర్ల ఎత్తునున్న అమరనాథ గుహకు ఎక్కేవారు మనలో నేటికీ ఎందరో ఉన్నారు. నేను ముషీరాబాదు వాసిని. దూరసంచార రంగంలో పనిచేసి విశ్రాంతి పొందినవాడిని. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉదయపు నడకకు తార్నాక నుండి వచ్చే మిత్రులు యాత్రాకాలం సమీపించగానే నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఫోను పలకని చోట ఆపద సంభవిస్తే కబురందించే పరికరం ఏది?

మొదట ఒక భ్రమను తొలగించుకోవాలి. సిగ్నల్ లేకపోయినా మన ఫోను ఉపగ్రహాల ఆధారంగా తానున్న చోటును గుర్తించగలదు. కానీ ఆ సంగతిని ఇతరులకు చెప్పలేదు. ఆ లోటును తీర్చే పరికరాలు రెండు రకాలు.

మొదటిది ఆపద బీకన్. మీట నొక్కగానే ఇది 406 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై సంకేతం పంపుతుంది. 1979లో అమెరికా, కెనడా, ఫ్రాన్సు, సోవియట్ యూనియన్ కలిసి తలపెట్టిన కోస్పాస్–సార్సాట్ వ్యవస్థలోని ఉపగ్రహాలు దానిని అందుకొంటాయి. భారతదేశమూ ఇందులో భాగస్వామియే. మన కేంద్రం బెంగళూరులో ఇస్రో ఆధ్వర్యంలో నడుస్తున్నది. బీకన్‌కు నెలసరి రుసుము లేదు. కనీసం 24 గంటలు పనిచేస్తుంది. అయితే మాటలను మోయలేదు. పైన ఆకాశం విశాలంగా కనిపించాలి. సలేశ్వరం వంటి ఇరుకు లోయలో దీని సంకేతానికి కొండలే అడ్డుగోడలు.

రెండవది ఉపగ్రహ సందేశ పరికరం. ఇది ఇరువైపులా సందేశాలను చేరవేస్తుంది; నెలసరి రుసుము ఉంటుంది, తరచు చార్జింగ్ అవసరం.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. కేంద్ర దూరసంచార శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోనును గాని, ఉపగ్రహ సందేశ పరికరాన్ని గాని మన దేశంలో వెంట ఉంచుకోవడం నేరం. వీటితో విమానాశ్రయాలలో పట్టుబడి విదేశీ పర్యాటకులు కేసులను ఎదుర్కొన్న ఉదంతాలు ఉన్నవి. కనుక అమెరికాలోని బిడ్డలు తల్లిదండ్రుల యాత్ర కోసం ప్రేమతో తెచ్చే ఈ కానుక వారిని చిక్కులలో పడవేయగలదు. బీకన్‌ను సైతం అనుమతి, నమోదు లేకుండా తేరాదు. అక్కడి కొండబాటలలో తిరిగే బిడ్డలు మాత్రం బీకన్‌ను నిస్సంకోచంగా వాడుకోవచ్చు; దానిని అక్కడి ప్రభుత్వ సంస్థ నోవా వద్ద ఉచితంగా నమోదు చేయడం తప్పనిసరి.

మరి ఇక్కడి సామాన్య యాత్రికునికి ఏది రక్ష? 2013 జూన్‌లో కేదారనాథ్ వరదల వేళ తమవారు ఎక్కడ ఉన్నారో తెలియక తెలుగు కుటుంబాలెన్నో తల్లడిల్లినవి. వెదికేవారికి ముందుగా కావలసినది యాత్రికుడు చివరిగా ఏ చోటును దాటాడన్న సమాచారమే. అమరనాథ యాత్రలో ఇచ్చే ఆర్.ఎఫ్.ఐ.డి. కార్డు చేసే పని ఇదే. అది తనంత తాను సంకేతం పంపదు. దారిలోని కేంద్రాలలో నమోదవుతుంది. కనుక దానిని మెడలోనుండి తీయరాదు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ సిమ్ తీసికొనివెళ్లాలి.

నల్లమలకు వెళ్లేవారు దారి, తోడివారి పేర్లు, తిరిగివచ్చే గడియ కాగితంపై వ్రాసి ఇంట ఉంచాలి. ఆ గడియ దాటితే ఇంటివారు 112కు తెలపాలి. ఒక ఈల, టార్చి, పవర్ బ్యాంక్, ముందుగా ఫోనులో దించుకొన్న పటం వెంట ఉండాలి. మాట కలవని చోట చిన్న సందేశం చేరవచ్చు. దారి తప్పినవారు మరింత లోపలికి పోక, ఉన్నచోటనే నిలిచి, ఆగి ఆగి మూడేసి మార్లు ఈల వేయాలి.

ఖరీదైన పరికరం లేదని చింతించనక్కరలేదు. మనమెక్కడ ఉన్నామో ఎరిగినవారు ఒకరు ఇంట ఉండుటయే యాత్రికునికి తొలి రక్ష.