రేగడి దారిలో అంబాసిడర్

ఏప్రిల్ మధ్యాహ్నం గుంటూరు మిర్చి యార్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న పాత పెట్రోలు అంబాసిడర్ ఒక్కోసారి చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. బ్యాటరీ బాగానే ఉంటుంది, ట్యాంకులో పెట్రోలుంటుంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు. తెలిసిన డ్రైవరైతే బానెట్ ఎత్తి, ఇంజన్‌కు ఆనుకుని ఉన్న పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగుతాడు. పెట్రోలు రకరకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికైనవి నలభై డిగ్రీల లోపే మరగడం మొదలెడతాయి. ద్రవాన్ని తోడే పంపు ఆవిరిని తోడలేదు. చల్లబడి ఆవిరి మళ్లీ ద్రవమయ్యాక బండి కదులుతుంది. ఇప్పటి కార్లలో పంపు ట్యాంకులోనే మునిగి ఉండి ఒత్తిడితో ఇంధనాన్ని నెడుతుంది కాబట్టి ఈ బాధ దాదాపు లేదు.

కొత్తది మెరుగైనదే, సందేహం లేదు. అయినా పాత కారు విలువ నాకు ఆ తడిగుడ్డలోనే కనిపిస్తుంది. దాని జబ్బు కంటికి కనబడుతుంది, మందు చేతికి అందుతుంది.

బిర్లాలు 1942లో పెట్టిన హిందుస్థాన్ మోటార్స్, ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును కలకత్తా పక్కన ఉత్తర్‌పరాలో అంబాసిడర్‌గా తయారుచేయడం 1950ల చివర్లో మొదలెట్టింది. 1959లో దానికి 1489 సీసీ ఇంజన్ అమర్చారు. ఆ తర్వాత ముందు జాలీ మారింది, డాష్‌బోర్డు మారింది, మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని పేర్లు మారాయి. ఇంజన్ మాత్రం మూడు దశాబ్దాల పాటు దాదాపు అదే. పోటీ లేని లైసెన్సుల కాలం కాబట్టి కంపెనీ కదల్లేదన్న విమర్శలో న్యాయముంది. కానీ ఆ నిలకడ వల్లే ఒక తరం మేస్త్రీలు ఒకే ఇంజన్‌ను కళ్లు మూసుకుని విప్పి బిగించేంతగా నేర్చుకున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో దొరికే విడిభాగం నరసరావుపేట బండికీ సరిపోయేది, ఒంగోలు బండికీ సరిపోయేది.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ నీళ్లు కాలువల్లోకి వచ్చాయి. కుడికాలువ కింద పత్తీ మిర్చీ పెరిగాయి, పొగాకు ముందు నుంచే ఉంది. ఆ డబ్బుతో ఊళ్లలోకి కార్లు వచ్చాయి. నల్లరేగడి మీద వేసిన దారి ఎలాంటిదో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నేలలోని బంకమట్టి పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఏటా ఇలా లేస్తూ కుంగుతూ ఉండే నేలమీద తారు నిలవదు. పదిహేను అంగుళాల చక్రాలు, వెనక కమాను కట్టలు ఉన్న బరువైన కారు ఆ గతుకులను ఓర్చుకుంది. 1980 నాటికి డీజిలు అంబాసిడర్ కూడా వచ్చింది, ఇక టాక్సీవాళ్లు దాన్ని వదల్లేదు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది, అదీ ఇంధనం రూపంలో. పాత పెట్రోల్లో సీసం కలిపేవారు. అది ఇంజన్ కొట్టుకోకుండా చూడటమే కాక, ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోట పలచని పూతలా పేరుకుని లోహాన్ని కాపాడేది. ఈ ఇంజన్లో ఆ సీటు పోతఇనుప హెడ్‌లోనే కోసి ఉంటుంది. 2000 నాటికి దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. జనం ఊపిరితిత్తులకు, పిల్లల మెదళ్లకు అది మేలే. కానీ ఎర్రగా కాలిన వాల్వు పూత లేని సీటుకు క్షణకాలం అతుక్కుని, లేచినప్పుడల్లా ఇనుపరజను పెకలిస్తుంది. వాల్వు లోపలికి దిగుతుంది, టాపెట్ గ్యాప్ మాటిమాటికీ తగ్గిపోతుంది. మేస్త్రి పసిగట్టేది ఆ గుర్తుతోనే. హెడ్ విప్పి, లేత్ పనివాళ్ల చేత గట్టి ఉక్కు సీట్లు దిగ్గొట్టిస్తే ఆ సమస్య తీరుతుంది.

ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాలనూ పంపులోని డయాఫ్రమ్‌నూ మెత్తబరుస్తుంది. దానిలోనే ఆక్సిజన్ ఉండటం వల్ల కార్బురేటర్‌లోని పాత జెట్టుతో మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. గొట్టాలు మార్చాలి, జెట్టు సరిచూడాలి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకూడదు.

2013లో బీబీసీ టాప్ గేర్ కార్యక్రమం ప్రపంచంలోకెల్లా మంచి టాక్సీ అని అంబాసిడర్‌కు పట్టం కట్టింది. మరుసటి ఏడాది మే నెలలో ఉత్తర్‌పరా ఫ్యాక్టరీలో పని ఆగింది. 2017లో ఆ పేరును పూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపు చెడని కారును వింటేజ్‌గా నమోదు చేయించవచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది. అలా చేస్తే రోజువారీ ప్రయాణాలకు దాన్ని తిప్పకూడదు. రోజూ నడుపుకోవాలనుకునేవారు మామూలు రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకోవడం మంచిదని నా అభిప్రాయం. నడవని బండిలో ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి.

కొనదలచినవారు ఇంజన్ చప్పుడుకు మురిసిపోవద్దు, అది బాగుచేసుకోగలిగిందే. ఈ కారుకు లారీకున్నట్టు విడి ఛాసిస్ లేదు, అడుగు రేకుతో కలిసి బాడీయే బరువంతా మోస్తుంది. చీరాల, బాపట్ల వైపు ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి నిలిచిన బండి కంటే వినుకొండ, మార్కాపురం వైపు బండికి తుప్పు తక్కువ పట్టే అవకాశముంది. ఎక్కడి బండైనా ముందు కాళ్ల కింది మ్యాట్ ఎత్తి, తలుపుల కింది అంచుల వెంట స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడండి. ఖంగుమంటే బేరం మొదలెట్టవచ్చు.