కంటికి క్రొత్త అంజనము

పూర్వము నిక్షేపములు వెదకువారు కంటికి అంజనము పెట్టుకొని, భూమిలో దాగిన లంకెబిందెలను చూచెడివారని మన పెద్దలు చెప్పుకొనెడివారు. అంజనము పెట్టుకొనినవానికి నేల నేలగనే కనబడును. దాని క్రింద నున్నదియు కనబడును. కథ కథయే యైనను అందలి కోరిక మనుష్యునకు సహజమైనది. ఎదుట నున్నదానిని విడువకయే, కంటికి దొరకనిదానిని గూడ చూడవలెనను ఆ కోరికను యంత్రముచే తీర్చుటకు శాస్త్రజ్ఞులు ఏబది యేండ్లకు పైగా పాటుపడుచున్నారు. ఈ విద్యకు ఆగ్మెంటెడ్ రియాలిటీ యని పేరు. ఉన్న వాస్తవమునకు మరికొంత చేర్చుట యని దాని తాత్పర్యము.

దీనిని వర్చువల్ రియాలిటీతో కలిపి పొరబడరాదు. అది కన్నులను పూర్తిగా కప్పి వేరొక లోకమును చూపునది, మయసభ వంటిది. ఇందులోనన్ననో మన గది, మన గోడ, మన పిల్లలు యథాస్థానముననే యుందురు. వానిపై ఒక బొమ్మయో, వ్రాతయో, గీతయో వచ్చి నిలుచును. ఒకదానిపై మరియొకదానిని ఆరోపించుటకు మన వేదాంతులు అధ్యాస యని పేరిడిరి. త్రాటియందు పామును చూచుట దానికి దృష్టాంతము. ఈ యంత్రము చేయునదియు అధ్యాసయే. కాని ఇది తెలిసి చేయునది. తెలిసియున్నంతకాలము ఉపకరణము, మరచిననాడు భ్రమ. గృహిణులు ఈ భేదమును గుర్తుంచుకొనవలెననియే మేము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అను పండితుడు 1968లో తలకు తగిలించుకొను ఒక సాధనమును లోకమునకు చూపెను. కన్నులయెదుట సగము పారదర్శకములైన అద్దములు, వానిలో సన్నని గీతల బొమ్మలు. వెనుక గదియు కనబడుచుండును. సాధనమంతయు ఇంటికప్పునుండి వ్రేలాడుచుండెను. ఆగ్మెంటెడ్ రియాలిటీ యను పేరు మాత్రము విమానముల కర్మాగారమున పుట్టినది. బోయింగు సంస్థలో విమానమునకు వలయు తీగెల కట్టలను పెద్ద పలకలపై గీసిన దారుల ననుసరించి అల్లెడివారు. పలకలన్నియు మార్చుటకు బదులు, ఖాళీ పలకమీద తీగె పోవలసిన దారిని పనివాని కంటికి అద్దములే చూపిన బాగుండునని థామస్ కాడెల్, డేవిడ్ మైజెల్ అనువారు తలచి, 1992లో ఒక వ్యాసమును ప్రకటించిరి. వినోదమునకు గాక, పనిచేయు చేతికి సాయముగా ఈ పేరు పుట్టెనని మనము గమనింపవలెను.

బొమ్మ గాలిలో తేలక నేలమీద ఎట్లు నిలుచును? వాకిటి నలుచదరపు ముగ్గును గడపయొద్ద నుండి చూచిన ఒక తీరుగను, మేడమీదినుండి చూచిన మరియొక తీరుగను కనబడును. ముగ్గు అసలు ఆకారము తెలిసినవారు, అది ఎటు సాగి, ఎటు కుంచించుకొని కనబడుచున్నదో చూచి, చూచువారెచ్చట నిలిచియున్నారో చెప్పవచ్చును. హిరొకాజు కాటో, మార్క్ బిల్లింగ్‌హర్స్ట్ అనువారు 1999లో ప్రకటించిన పద్ధతి ఇట్టిదే. నల్లని చతురస్రములో ఒక గుర్తు నుంచిరి. కెమెరా దానిని చూచి తన స్థానమును లెక్కకట్టుకొని, బొమ్మను ఆ కొలతకు సరిపడ గీయును.

నేటి సెల్‌ఫోనునకు ముగ్గుతో పనిలేదు. అది నేలమీది మరకలను, చాప అంచులను, బల్ల మూలలను గుర్తుపట్టుకొనును. రైలులో పోవునపుడు దగ్గరి స్తంభములు వేగముగను, దూరపు కొండలు మెల్లగను కదలినట్లు తోచును గదా! ఫోను కదలినపుడు ఆ గుర్తులు ఎంతెంత కదలినవో చూచి, ఏది దగ్గరో ఏది దూరమో అది నిర్ణయించును. లోపలి చిన్న పరికరములు ఫోను ఎటు వంగినదో చెప్పును. సెకనునకు పలుమారులు ఈ లెక్క సాగవలెను. లెక్క ఆలస్యమైనచో బొమ్మ జారును. కండ్లద్దములలో నైనచో తల తిరుగును. చీకటి గదిలోను, మరక లేని తెల్లని గోడయెదుటను, తళతళలాడు నేలమీదను బొమ్మ కుదురుగా నిలువకపోవుటకు కారణమిదియే; గుర్తులు దొరకకపోవుట.

ఇక ఉపయోగములు. పసిపిల్లలకు సూది వేయవలసినపుడు నరము దొరకక తల్లులు పడు యాతన అందరెరిగినదే. కంటికి కనబడని ఒక విధమైన కాంతిని చేతిమీద ప్రసరింపజేసినచో రక్తము దానిని పీల్చుకొనును. చుట్టునున్న కండ వెనుకకు త్రిప్పికొట్టును. యంత్రము ఆ తేడానుబట్టి నరముల పటమును తయారుచేసి, తిరిగి ఆ చర్మముమీదనే వెలుగుగా పరచును. శస్త్రవైద్యమునకును ఈ విద్య వచ్చినది. 2020 జూనులో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు తలకు పెట్టుకొను అద్దములగుండ రోగి వెన్నెముక బొమ్మను శరీరముమీదనే చూచుచు, ఆరు మరలను బిగించిరి. ఇట్టి చోట్ల బొమ్మ సరియో కాదో నిర్ణయింపగల నిపుణుడు దాని వెనుక నిలిచియుండును. అందుచేతనే అది మేలు చేయుచున్నది.

కండ్లద్దముల వ్యాపారము మాత్రము అంత సులువుగ సాగలేదు. హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల ముఖ్యాధికారిగా నున్న మైక్రోసాఫ్టు సంస్థ 2015 జనవరిలో హోలోలెన్స్ అను అద్దములను ప్రకటించెను. 2016లో దాని ధర 3,000 డాలర్లు. 2019లో ప్రకటించిన రెండవదాని ధర 3,500 డాలర్లు. 2024లో దాని తయారీని నిలిపివేసిరి. కాని 2017లో ఆపిల్, గూగుల్ సంస్థలు ఈ విద్యను మామూలు సెల్‌ఫోనులలోనికి తెచ్చుటచే అది మన ఇంటి గడప దాటినది.

ఇంటిలో దీని ముఖ్యమైన పని అంగడి పనియే. 2018లో హైదరాబాదున మన దేశమందలి మొదటి దుకాణమును తెరచిన ఐకియా అను స్వీడను దేశపు సంస్థ, అంతకు ముందేడే బల్లలను, కుర్చీలను ఫోనులో మన గదిలో నిలిపి చూపు సాధనమును ప్రకటించియుండెను. బీరువా మూలకు సరిపడునో లేదో కొనకముందే చూచుకొనుట మంచిదే. కాని బొమ్మ బీరువాకు బరువు లేదు. అది గుమ్మముగుండ రాదు, మెట్లెక్కదు. నిజమైన బీరువా ఈ రెంటిని చేయవలెను. కావున టేపు తీసికొని గుమ్మమును, మెట్ల మలుపును కొలిచిన పిమ్మటనే డబ్బు చెల్లింపవలెను. నగలను మెడలో పెట్టినట్లు చూపు ఫోను బంగారపు తూకమును చూపదు. చీర కట్టినట్లు చూపు తెర నేత బిగువును చూపదు, రంగును సయితము ఉన్నదున్నట్లు చూపునను నమ్మకము లేదు. మందు వేసి తెలుపెక్కించిన బెల్లపు దిమ్మను చూచి మోసపోరాదని అనకాపల్లి ఆడువారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ వివేకమునే ఇక్కడను వాడుకొందము.

మరి రెండు హెచ్చరికలు. 2016లో పోకెమాన్ గో అను ఆట వచ్చినపుడు, తెరలోని బొమ్మలను పట్టుటకై పరువిడి, ఎదుటి బండిని చూడక ప్రమాదముల పాలైనవారు కలరు. పిల్లలకు ఇట్టి ఆటలను నాలుగు గోడల మధ్యనే, పెద్దలయెదుటనే యుంచవలెను. రెండవది: బొమ్మను నిలుపుటకు ఫోను మన గదిని చూడకతప్పదు. దేవునిగది, పడకగది, నిద్రించు బిడ్డ, అన్నియు దాని కంట బడును. ఏ సాధనమునకు కెమెరా అనుమతి యిచ్చితిమో అప్పుడప్పుడు పరికించి, పని తీరినపిదప దానిని రద్దుచేయుట మేలు.

ఈ విద్య మన ప్రాంతమునకు చేయగల గొప్ప మేలొకటి కలదు. అనకాపల్లికి సమీపమున శంకరము గ్రామమున బొజ్జన్నకొండ, లింగాలకొండ యను బౌద్ధక్షేత్రములున్నవి. 1907 ప్రాంతమున అలెగ్జాండర్ రే అచ్చట త్రవ్వకములు జరిపించినపుడు సముద్రగుప్తుని బంగారు నాణెము సయితము లభించెను. కొండను తొలిచిన గుహలు, రాతి స్తూపములు నేటికిని నిలిచియున్నవి. కాని స్తూపమునకు తొడిగిన ఇటుకలు చాలవరకు రాలిపోయినవి. భిక్షువుల గదులకు పునాదులే మిగిలినవి. పిల్లలను తీసికొనిపోయిన తల్లికి ఆ మొండిగోడలను చూపి ఏమి చెప్పవలెనో తోచదు.

గ్రీసు దేశపు ఒలింపియా శిథిలములలో 2000 తరువాతి తొలి యేండ్లలో ఆర్కియోగైడ్ అను పరిశోధన జరిగినది. యాత్రికుడు శిథిలమువైపు చూచినపుడు పూర్వపు దేవాలయము అచ్చటనే లేచి నిలిచినట్లు అద్దములలో కనబడెడిది. ఇట్టి పనికి ముందుగా ఉన్నదానిని నలుదిక్కుల నుండి పట్టి కొలువవలెను. ఆ విద్యయందు కృషిచేసినవారు మన తెలుగునాటను కలరు. పి. జె. నారాయణన్ గారు 1990 దశకమున అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున టాకియో కనాడె బృందముతో, గుమ్మటమువలె అమర్చిన 51 కెమెరాలచే నిజమైన దృశ్యమును ఏ కోణమునుండి యైనను చూడగల రూపముగా మార్చిరి. తరువాత వారు హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో ఆచార్యులుగను, డైరెక్టరుగను పనిచేసిరి.

శంకరమునకు అట్టి అద్దము వచ్చిననాడు మేము సంతోషింతుము. కాని లింగాలకొండ పేరు మనకొక పాఠము. వరుసలుగా నున్న చిన్న స్తూపములను చూచి శివలింగములనుకొని జనులు కొండకు ఆ పేరు పెట్టిరి. అది ఏ యంత్రమును లేక, భక్తితో జరిగిన అధ్యాస. రేపు చిత్రకారుడు తన ఊహతో బంగారు గొడుగులను, పాలరాతి మెట్లను గీసి స్తూపముపై నిలిపినచో, మన పిల్లలు దానినే చరిత్రగా నమ్మెదరు. పేరునైనను పండితులు సరిదిద్దగలిగిరి గాని, కన్నులతో చూచినదానిని మరపించుట కష్టము. ఇందులకే 2006లో వెలువడి 2009లో సవరింపబడిన లండన్ ఛార్టరు అను నియమావళి, ఏది ఆధారమున్నదో ఏది ఊహయో చూపరులకు స్పష్టముగా తెలియజేయవలెనని విధించినది. దొరికిన ఇటుకను నిండు గీతతోను, ఊహించిన కప్పును చుక్కల గీతతోను చూపినచో ఎంత బాగుండును!

సోదరీమణులారా! క్రొత్త అంజనమునకు భయపడి కన్నులు మూసికొనవలసిన పనిలేదు. పెట్టుకొనినవెంటనే కనబడినదంతయు నిధియని త్రవ్వవలసిన పనియు లేదు. పిల్లలు ఫోనులో ఏదైన వింతను చూపినపుడు వారిని ఒక్క ప్రశ్న అడుగుడు: "ఇందులో ఉన్నదేది, చేర్చినదేది?" ఈ ప్రశ్న అలవాటైన బిడ్డకు ఏ తెరయు మయసభ కాజాలదు.