కొట్టింది చెయ్యా, బండా?

బళ్లారి సత్యనారాయణపేటలో గలాటాకు పెద్ద కారణం అక్కర్లేదు. స్కూటర్ హ్యాండిల్ కారు అద్దానికి తగులుతుంది. వెనకున్నవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. “కండ్లు కనపళ్లేదా?” అని ఒకరంటే, “రోడ్డేమన్నా నీకు రాసిచ్చినారా?” అని ఇంకొకరు. సగం తెలుగు, సగం కన్నడ. చాలాసార్లు మాటలతోనే పోతుంది. కొన్నిసార్లు ఒకరు బండి దిగుతారు.

అలా దిగినవాడి చేతిలో జీన్స్ కుట్టే దర్జీ ఒకతను దెబ్బలు తిన్నాడనుకుందాం. బళ్లారిలో వేల ఇళ్లకు అన్నం పెట్టే పని అది. కుడిచేతి బొటనవేలి ఎముక విరిగింది. ఇంక కత్తెర పట్టలేడు, మిషను కింద బట్ట తిప్పలేడు. పీసుకింత అని కూలి కాబట్టి, కుట్టని రోజు రూపాయి రాదు. ఆస్పత్రి ఖర్చుకు అప్పు, అప్పుకు వడ్డీ. కొట్టినవాడికి శిక్ష పడుతుందా లేదా అన్నది తర్వాతి మాట. ఈ నష్టాన్ని ఎవరు పూడ్చాలి?

మన చట్టం దీనికి సూటిగా జవాబివ్వదు. ముందు తనే ఒక ప్రశ్న వేస్తుంది: నిన్ను కొట్టింది చెయ్యా, బండా?

బండి గుద్దితే ఒక పెద్ద యంత్రం కదులుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం కింద పనిచేసే ట్రిబ్యునల్ ఉంది, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు మొదటి నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికనే పరిహార దరఖాస్తుగా తీసుకునే వీలుంది. తప్పు ఎవరిదో తేల్చకుండానే 164వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి 5 లక్షలు అడగొచ్చు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా తీవ్రంగా గాయపడినవారికి 50,000, చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు ఇచ్చే పథకం ఉంది. ఈ మొత్తాలు చాలవన్నది నిజమే. కానీ అడగడానికి ఒక తలుపు ఉంది, దాని వెనక డబ్బున్న ఇన్సూరెన్సు కంపెనీ ఉంది.

అదే రోడ్డు మీద, అదే గొడవలో, కారు దిగినవాడు పిడికిలితో కొడితే ఆ యంత్రంలో ఒక్క చక్రం కూడా తిరగదు. అది దాడి కేసు. 48 గంటల నివేదిక లేదు, ఇన్సూరెన్సు లేదు. ఎముక మాత్రం అదే ఎముక. ఈ తేడా అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. రోడ్డు మీదికి వచ్చినవాడికి ఎదుటివాడి బండి వల్ల ఎంత ముప్పుందో ఎదుటివాడి కోపం వల్లా అంతే ముప్పుంది. మొదటి ముప్పుకు మాత్రం బీమా తప్పనిసరి చేసి, రెండోదాన్ని దెబ్బలు తిన్నవాడి అదృష్టానికి వదిలేశాం.

మరి కోపంతో బండినే ఎక్కించేస్తే? 2025 అక్టోబరు 25 రాత్రి బెంగళూరు పుట్టెనహళ్లి ప్రాంతంలో డెలివరీ పని చేసే ఒక యువకుడి బైకు కారు అద్దానికి తగిలింది. కారు వెంటాడి బైకును వెనక నుంచి గుద్దిందని పోలీసుల కథనం. ఆ యువకుడు చనిపోయాడు, వెనక కూర్చున్న స్నేహితుడు గాయపడ్డాడు. మొదట అది ట్రాఫిక్ ప్రమాదంగానే నమోదైంది. సీసీ కెమెరా దృశ్యాలు చూశాక హత్య కేసు అయింది, కారులో ఉన్న భార్యాభర్తలు అరెస్టయ్యారు. నేరం రుజువు కావడం కోర్టులో తేలాల్సిన విషయం. పరిహారం సంగతే ఇక్కడ ఆలోచించాల్సింది. ప్రమాదం కాస్తా హత్యాయత్నమో హత్యో అయితే, “ఇది ప్రమాదం కాదు, కావాలని చేసింది, మాకు బాధ్యత లేదు” అని వాదించే అవకాశం ఇన్సూరెన్సు కంపెనీకి దొరుకుతుంది.

ఆ వాదనకు సుప్రీంకోర్టు 2000లోనే ఒక కొలత ఇచ్చింది. నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో ప్రయాణికుల్లా ఎక్కినవాళ్లు ఒక ఆటోడ్రైవర్‌ను చంపి ఆటో ఎత్తుకుపోయారు. పరిహారం అడిగిన భార్యకు హైకోర్టు కాదంది. రీటా దేవి కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో సుప్రీంకోర్టు ఆమె వైపు నిలబడింది. హంతకుల అసలు ఉద్దేశం ఆ మనిషిని చంపడమే అయితే అది వట్టి హత్య. ఆటో దొంగతనం కోసం వచ్చి, దారిలో చంపితే అది బండి వాడకంలో జరిగిన ప్రమాదం కిందికే వస్తుందని చెప్పింది. అంటే హత్య అన్న మాట వినగానే ట్రిబ్యునల్ తలుపు మూసుకోదు. రోడ్డు కోపం కేసుల్లో ఈ కొలత ఎటు మొగ్గుతుందో ఒక్కో కేసును బట్టి ఉంటుంది. నడుస్తున్న బైకును కాలితో తన్ని పడేశారా, కారుతో పక్కకు నెట్టారా, ఆగిన బండి దగ్గరికొచ్చి కొట్టారా అన్న వివరం మీదే వాదనంతా నిలుస్తుంది. ట్రిబ్యునల్‌లో క్రిమినల్ కోర్టులోలా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువ అన్నది చాలు. క్రిమినల్ కేసు తీర్పు వచ్చేదాకా ఆగనూ అక్కర్లేదు. ఆగితే నష్టమే. సవరించిన చట్టం ప్రకారం ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టాలి. ఆ గడువును సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి గానీ, వాటిని నమ్ముకుని కూర్చోవడం తెలివైన పని కాదు.

అందుకే మొదటి కాగితం మీద ఏం రాశారన్నదే సగం కేసు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ “ఎట్లా తగిలింది?” అని అడిగి మెడికో లీగల్ రిజిస్టర్లో ఒక వాక్యం రాసుకుంటాడు. తోడొచ్చిన బంధువు భయపడో, స్టేషన్ గొడవ ఎందుకనో “బండి మీంచి పడినాడు సార్” అంటాడు. ఏడాది తర్వాత కోర్టులో ఎదుటి వకీలు పైకెత్తి చూపించేది ఆ వాక్యాన్నే. దాడిని ప్రమాదమని చెప్తే డబ్బొస్తుందని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. వినకండి. అబద్ధం బయటపడితే రెండు తలుపులూ మూసుకుపోతాయి. జరిగింది జరిగినట్టు, బండి ఎక్కడుంది, ఎవరు ఎటు నుంచి వచ్చారు, ముందు ఏది తగిలింది, తర్వాత ఏది తగిలింది అన్నవి వరసగా చెప్పడమే మేలు.

ఎక్స్‌రే తప్పనిసరి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం మామూలు గాయమైతే పోలీసులు మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు కూడా చేయలేరు. ఎముక విరిగినా, పన్ను ఊడినా, 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పని చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయం. పాత శిక్షాస్మృతిలో ఇది 20 రోజులు. తీవ్ర గాయానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. మనవాళ్లలో ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోయే అలవాటు ఇంకా బలంగా ఉంది. ఆ కట్టు మీద నమ్మకాన్ని నేను తప్పుబట్టను. కానీ కట్టు కట్టించుకునే ముందు విమ్స్ అని అందరూ పిలిచే బళ్లారి ప్రభుత్వాస్పత్రిలోనో మరో చోటో ఎక్స్‌రే తీయించి, గాయాల ధ్రువపత్రానికి ఆధారం ఉంచుకోవాలి. విరిగిందని చూపే కాగితం లేకపోతే కోర్టు దృష్టిలో ఎముక విరగనట్టే.

ఇక చేత్తో తిన్న దెబ్బ సంగతి. నేరస్తుడి నుంచి పరిహారం ఇప్పించే అధికారం క్రిమినల్ కోర్టుకు ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357వ సెక్షన్, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 395. దాన్ని ఉదారంగా వాడాలని 1988 ఆగస్టులో హరిసింగ్ కేసులో సుప్రీంకోర్టు దేశంలోని కోర్టులన్నిటికీ చెప్పింది. హర్యానాలో జరిగిన ఆ కొట్లాటలో దెబ్బలు తిన్న యువకుడికి మాట పడిపోయింది. అతని పరిహారాన్ని కోర్టు 50,000కు పెంచింది. పరిహారం సంగతి ఆలోచించడం కోర్టు ఇష్టం కాదు, విధి అని 2013లో అంకుశ్ గైక్వాడ్ కేసులో మరోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పాతికేళ్ల తర్వాత అదే మాట మళ్లీ చెప్పాల్సి రావడాన్ని బట్టే కింది కోర్టుల్లో దాని అమలు ఎలా ఉందో తెలుస్తుంది.

హరిసింగ్ తీర్పు వచ్చిన ఏడాదే, డిసెంబరు 27న, పటియాలాలో రోడ్డు మధ్యలో ఆపిన జిప్సీ గురించి మాటామాటా పెరిగి గుర్నామ్ సింగ్ అనే 65 ఏళ్ల పెద్దాయన దెబ్బలు తిని చనిపోయాడు. నిందితుడు క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ. 1999లో కింది కోర్టు వదిలేసింది. 2006లో హైకోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. 2018లో సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల జుర్మానాతో సరిపెట్టింది. కుటుంబం పట్టు వదలకుండా రివ్యూ వేస్తే 2022 మే 19న ఏడాది జైలు శిక్ష పడింది. 33 ఏళ్లు దాటాక. రోడ్డు కోపం అనగానే దేశమంతా ఈ కేసునే తలుచుకుంటుంది, శిక్ష గురించే మాట్లాడుకుంటుంది. జుర్మానా ప్రభుత్వ ఖజానాకు పోయే సొమ్మని, కోర్టు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప బాధితుడి ఇంటికి రాదని చాలామందికి తెలియదు.

కొట్టినవాడు దొరక్కపోతే? దొరికినా చేతిలో పైసా లేకపోతే? దానికి అదే నాగరిక సురక్షా సంహితలో 396వ సెక్షన్ ఉంది. నేరం వల్ల నష్టపోయినవారికి రాష్ట్రమే పరిహారం ఇవ్వాలన్న పథకం. కర్ణాటక 2011లో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 2015లో తమ పథకాలు తెచ్చాయి. దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పెట్టుకోవాలి. వాళ్లు విచారించి రెండు నెలల్లో తేల్చాలని చట్టం. స్టేషన్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ధ్రువీకరిస్తే వెంటనే వైద్య సాయమో తాత్కాలిక సాయమో ఇప్పించే వీలుంది. అత్యాచారం, యాసిడ్ దాడి కేసుల్లో ఈ పథకం పేరు వినబడుతుంది, ఉండాల్సిందే. రోడ్డు మీద దెబ్బలు తిన్న దర్జీకి కూడా ఇది వర్తించగలదని స్టేషన్లో ఎవరూ చెప్పరు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయం తక్కువున్నవారికి వకీలును కూడా ఆ సంస్థే ఉచితంగా పెడుతుంది. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు.

బ్రిటన్‌లో ఇలాంటి పథకం 1964 నుంచే ఉంది. అక్కడ వాహనం వల్ల అయిన గాయాన్ని సాధారణంగా ఈ పథకంలోకి రానివ్వరు, దానికి బీమా ఉంది కనుక. కానీ గాయపరచాలనే వాహనాన్ని వాడితే మాత్రం అది హింసాత్మక నేరమే, పథకం వర్తిస్తుంది. చెయ్యికీ బండికీ మధ్య మన దర్జీ పడిపోయే సందును వాళ్లు ఆ ఒక్క వాక్యంతో పూడ్చారు. మన రాష్ట్రాల పథకాల్లోనూ అలాంటి వాక్యం రాయడానికి ఏ అడ్డంకీ లేదు.

డ్రైవర్లకు ఇంకో తలుపుంది, వాళ్లకే ఎక్కువగా తెలియని తలుపు. లారీ, బస్సు, డెలివరీ వ్యాను నడుపుతూ డ్యూటీలో ఉండగా దాడి జరిగితే అది ఉద్యోగంలో జరిగిన గాయమని యజమానిని పరిహారం అడగొచ్చు. 2025 నవంబరు దాకా ఆ హక్కు 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద ఉండేది. రీటా దేవి కేసులో సుప్రీంకోర్టు ఆసరా తీసుకున్నది బ్రిటన్‌లోని ఇలాంటి చట్టం మీద వచ్చిన తీర్పులనే. గడువు రెండేళ్లు. సండూరు గనుల లారీలు, తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ లారీలు తిరిగే జిల్లాలో ప్రతి లారీ ఆఫీసు గోడ మీదా ఈ సంగతి రాసి పెట్టాలి.

దర్జీ బొటనవేలి విలువ ఎంత? డాక్టరు సర్టిఫికెట్‌లో చేతికి ఇంత శాతం వైకల్యం అని ఉంటుంది. కోర్టు చూడాల్సింది ఆ శాతాన్ని కాదు, ఆ మనిషి సంపాదన ఎంత పోయిందన్నది అని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఎడమచెయ్యి పోయినా గుమాస్తా ఉద్యోగం నిలుస్తుందేమో, డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు మొత్తం పోయినట్టే అన్నది ఆ తీర్పులోని ఉదాహరణ. 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో, గాయపడినవారి ముందు ముందు సంపాదన పెరిగే అవకాశాన్నీ లెక్కలోకి తీసుకోవాలంది. కాబట్టి పీసు లెక్కల చిన్న నోటు పుస్తకం, ఫోన్‌లో కూలి జమ అయిన మెసేజీలు, యజమాని రాసిచ్చిన చీటీ, మందుల బిల్లులు, ఆస్పత్రికి పోయొచ్చిన ఆటో ఖర్చు, ఒక్కటీ పారేయొద్దు.

వీటన్నిటికీ ముందే ఎదురయ్యేది రాజీ. గాయపడి ఇంకా కట్టు విప్పకముందే పెద్దమనుషులు వస్తారు. “కేసులంటే తిరగలేవన్నా, ఏదో ఒకటి మాట్లాడుకో” అంటారు. తిరగలేడన్నది నిజం, అందుకే ఆ మాట పనిచేస్తుంది. రాజీ తప్పని నేను అనను. మామూలు గాయమైతే బాధితుడు ఒప్పుకుంటే చాలు, తీవ్ర గాయానికి కోర్టు అనుమతి కావాలి. కానీ వేలు మళ్లీ వంగుతుందో లేదో డాక్టరుకే తెలియని రోజున ఇరవై వేలకు సంతకం పెట్టించడం రాజీ కాదు, దోపిడీ. వైకల్యం సర్టిఫికెట్ చేతికొచ్చాకే మాట్లాడాలి. అదీ స్టేషన్ వరండాలో కాదు, లోక్ అదాలత్‌లో.

బళ్లారి వాళ్లకు సరిహద్దు ఇంకో చిక్కు. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. బంధుత్వాలు, బండ్లు మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. తెలుగు నాటకానికి పెద్ద దిక్కులైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ ముగ్గురూ ఈ ఊళ్లో వకీళ్లే. ఈ ఊరి న్యాయవాద వృత్తికి తెలుగు ఏనాడూ పరాయిది కాదు. కానీ ఇవాళ గుంతకల్లు నుంచి వచ్చి ఇక్కడ దెబ్బలు తిన్నవాడి ఫిర్యాదును కన్నడలో రాస్తారు. రాసింది చదివి వినిపించాలని, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అర్థమయ్యే భాషలో చెప్పించుకున్నాకే సంతకం పెట్టాలి. “మా పరిధి కాదు” అని వెనక్కి పంపే హక్కు ఏ స్టేషన్‌కూ లేదు. జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకుని అసలు స్టేషన్‌కు వాళ్లే పంపాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. బండి గుద్దిన కేసైతే సంఘటన హద్దుకు ఏ వైపు జరిగినా, బళ్లారిలో ఉండేవాడు బళ్లారి ట్రిబ్యునల్‌లోనే పరిహారం అడగొచ్చు. గుంతకల్లువాడు తన ఇంటి దగ్గరి ట్రిబ్యునల్‌కు పోవచ్చు. చేత్తో కొట్టిన కేసులో మాత్రం, సాక్ష్యానికి పిలిచిన ప్రతిసారీ, అతను సుమారు 50 కిలోమీటర్లు బస్సెక్కి బళ్లారి కోర్టుకు రావాల్సిందే.